పేరు చెప్పని ఊరికి ఆస్థాన చరిత్రకారుడు

మొన్నొక సాయంత్రం షార్జాలోని రోలాలో నా మామూలు సెలూన్‌లో గడ్డం అప్పగించి కూర్చున్నాను. గోడ మీది టీవీలో గడ్డకట్టిన నది ఒకటి కనిపించింది. దాని నడిమధ్యన ఇద్దరు తెల్లవాళ్ళు మడతకుర్చీలు వేసుకుని, మంచుకు బొక్క పొడిచి, గాలాలు వదిలి, పెళ్ళిలో భోజనం పిలుపు కోసం చూస్తున్న పెద్దమనుషుల్లా కూర్చున్నారు. "యే కౌన్సీ జగా హై, భాయ్?" అన్నాడు నా గొంతు మీద కత్తి ఆనించి ఉన్న పాకిస్తానీ భాయ్. అదే ఊరని పాపం, ఊరికే అడిగాడు.

అంతే, నా నోరు దానంతటదే తెరుచుకుంది. ఇలాంటి నదికి ఎడమ ఒడ్డు వాళ్ళకీ కుడి ఒడ్డు వాళ్ళకీ ఎందుకు పడదో, వంతెన ఎవరి గుమ్మం ముందు మొదలవ్వాలనే దాని మీద రెండు తరాల వాళ్ళు ఎలా కొట్టుకు చచ్చారో, కర్రదుంగలు ఏ కాలంలో కొట్టుకొచ్చేవో, ఊరు ఎలా తగలబడిందో నా హిందీలో, అంటే హిందీ పుట్టిన చోట కూడా ఎవరికీ అర్థంకాని హిందీలో, చెప్పుకుంటూ పోయాను. మొహం మీది నురగ ఎండి, పాత గోడ సున్నంలా పెచ్చులు పెచ్చులుగా రాలింది. వెనక బెంచీ మీద వంతు కోసం కూర్చున్నవాళ్ళు లేచి పక్క షాపుకి వలసపోయారు. భాయ్ కత్తి మడిచి, "ఆప్ వహాఁ రహతే థే?" అన్నాడు, నేనక్కడే ఉండేవాణ్ణేమోనని భక్తిగా.

నేను కెనడా వైపు తలపెట్టి పడుకుని కూడా ఎరగను. ఈ రోగం నాకు అంటించిన మహానుభావుడు వేరే ఉన్నాడు.

బస్సులు మలుపు తిరిగే చోట పాత బిల్డింగులో అయిదో అంతస్తు మా ఫ్లాటు. ఫ్లాటంటే మీరేదో ఊహించుకునేరు. ఇడ్లీ రేకులో గుంటల్లాగా ప్లైవుడ్ చెక్కలతో గదులు చేసి, గుంటకొక సంసారాన్నీ గుంటకొక బ్రహ్మచారినీ పోసి ఆవిరి పట్టిన ఏర్పాటు అది. నాకూ ఆయనకూ మధ్య ఉన్న చెక్క ఎంత పల్చనిదంటే, అటు ఆయన ఆవులిస్తే ఇటు నాకు నిద్ర వచ్చేది. కరోనా ఏడాది భార్యతో సహా ఆ గుంటలోకి దిగాడు. ఆవిడ ఆసుపత్రిలో నర్సు. మేమంతా 'సిస్టర్' అనేవాళ్ళం. ఆయనకి ఉన్న ఉద్యోగం కరోనా కాలంలో ఖలాస్ అయి, టైపింగ్ సెంటర్లో చేరాడు. పొద్దస్తమానం ఊళ్ళోవాళ్ళ వీసా దరఖాస్తులు టైపు చేయడం, ఎవడు ఎక్కడికి ఎగిరిపోతున్నాడో అందరికంటే ముందు తెలుసుకోవడం ఆయన వృత్తి. ఆయన్ని మొహం మీద 'మాస్టారూ' అనేవాళ్ళం. వెనక మాత్రం 'నది'. "నది వచ్చింది", "నది బాత్రూంలో ఉంది, ఇప్పట్లో రాదు", "నది పొంగుతోంది, తలుపులేసుకోండి". ఫ్లాటంతటికీ అర్థమయ్యే భాష ఇది.

నిజంగానే పొంగేవాడు. ముందు మీ చొక్కా గుండీ ఒకటి రెండు వేళ్ళతో పట్టుకునేవాడు. అది పట్టుకున్నాక మిమ్మల్ని భూలోకంలో వీసా ఇచ్చిన ఏ కఫీలూ విడిపించలేడు. రెండో చేత్తో వంటింటి గట్టు మీద ఒలికిన టీలో వేలు ముంచి, తాను వలస వెళ్ళాలనుకుంటున్న కెనడా ఊరి నది గీసేవాడు. ఉత్తరాన గ్యాసు పొయ్యి దగ్గర పుట్టి, పంచదార డబ్బాని చుట్టి, సింకు దగ్గర సముద్రంలో కలిసేది. "చూడండీ, ఊరంటే అదీ" అనేవాడు. కిటికీ వైపు గడ్డం విసిరి, "ఇదీ ఒక ఊరేనా?" అనేవాడు. కిటికీ అవతల రోలా తన మానాన తాను బస్సుల కోసం పరిగెత్తుతూ, చీరలు బేరమాడుతూ, షవర్మా నములుతూ ఉండేది. ఈయన ఇన్నేళ్ళలో ఒక్కసారి ఆ కిటికీలోంచి కిందికి చూసిన పాపాన పోలేదు.

ఆ నది కథ నాకు కంఠతా వచ్చు. వద్దన్నా వచ్చు. ముందు అడవి. అడవిలోంచి నది. అక్కడ అంతకుముందే కొందరుండేవారట. "ఎవరు మాస్టారూ?" అని అడిగితే, "ఉండేవారండీ, పాతవాళ్ళు" అని ఈగను తోలినట్టు వాళ్ళ వేల ఏళ్ళనీ చెయ్యూపి తోలేసేవాడు. ఆయన లెక్కలో చరిత్ర ఓడలు దిగాకే మొదలు.

"మరి ఓడ దిగినోళ్ళకు వీసా ఉండెనా? పాయింట్లుండెనా? ఇంటర్వ్యూ ఎవడు జేసిండు?" అనేవాణ్ణి నేను. మాది జగిత్యాల దిక్కు. నోరూరుకోదు.

"మీకు ప్రతిదీ వెటకారమేనండీ" అని గుండీ ఇంకాస్త మెలిపెట్టేవాడు.

దిగినవాళ్ళు చెట్లు నరికారు. చలికాలమంతా నరికి మంచు మీద దొర్లించి, వేసవిలో నది కరగగానే దుంగల్ని నీళ్ళలోకి వదిలేవారు. దుంగల మీద నిలబడి వాటిని తోలుకొచ్చే మొగాళ్ళు కుడి ఒడ్డున సారాకొట్ల పక్కన కాపురం. దుంగలు కోసి అమ్ముకునే మిల్లుదొరలు ఎడమ ఒడ్డున చర్చి పక్కన కాపురం. ఇళ్ళు చెక్క, చర్చి చెక్క, బాటలు కూడా చెక్క. చెక్కతో కట్టుకుని, చెక్క అమ్ముకుని, చెక్క తగలేసి చలి కాచుకునే ఊరు ఒక ఎండాకాలం మధ్యాహ్నం మొత్తం తగలబడిందంటే ఆశ్చర్యమేముంది? ఈయన మాత్రం ఆ ఘట్టం దగ్గరికి రాగానే సొంత మేనమామ పోయినట్టు గొంతు దించేవాడు. తర్వాత ఇటుకలతో కట్టుకున్నారు. తర్వాత వంతెన గొడవ. తర్వాత చెట్లయిపోయాయి, మిల్లు మూతపడింది. కానీ మిల్లు కూత మాత్రం ఇప్పటికీ రోజూ మధ్యాహ్నం కూస్తుందట. జనం అలవాటు తప్పిపోతారని.

"అంటే పని బంద్, సప్పుడు మాత్రం చాలూ ఉన్నది. గంతేనా?" అన్నాను.

ఆయనకి అర్థం కాలేదు. సిస్టర్‌కి అర్థమై, గ్లాసు అడ్డం పెట్టుకుని నవ్వింది.

ఇక ఊరి స్వభావం. అక్కడి వాళ్ళు తలుపులకు తాళాలు వెయ్యరట. ఏది అడిగినా ముందు వాతావరణం చెప్తారట. చలికాలంలో గడ్డకట్టిన నది మధ్యకి పాత కారు ఒకటి తోసుకెళ్ళి వదిలేసి, అది ఏ రోజు నీళ్ళలో మునుగుతుందా అని ఊరంతా పందేలు కాస్తారట. మా దిక్కు ఇలాంటి పని ఎవడన్నా చేస్తే తాయెత్తు కట్టిస్తారు. ఈయన దాన్ని నాగరికత అన్నాడు. బడి చదువు అయిపోగానే పిల్లలందరూ టొరంటో పారిపోతారట. అందుకని ముసలివాళ్ళు మిగిలారు, వాళ్ళకో ఆసుపత్రి మిగిలింది, ఆసుపత్రిలో మంచాలు మిగిలాయి, నర్సులు మాత్రం లేరు. అంటే అన్ని ఓడలు దిగి, అన్ని చెట్లు కూలి, అంత అగ్గి అంటుకుని, అంత చరిత్రా నడిచి నడిచి చివరికి ఒక నర్సు కోసం నోరు తెరుచుకుని కూర్చుంది. ఆ నర్సు మా ప్లైవుడ్ అవతల రెండు దుప్పట్లు కప్పుకుని వణుకుతోంది.

వణుకు ఎందుకంటే, ఈయన చలి సాధన చేయించేవాడు. ఏసీని దాని అడుగంటా దించేసి, స్వెటర్ తొడుక్కుని, పద్మాసనం వేసుక్కూర్చునేవాడు. బయట మన్ను కూడా ఉడికిపోయే ఆగస్టులో మా గుంటల్లో మాత్రం పళ్ళు టకటకలాడేవి. "రేపు పెంగ్విన్లు వస్తయి మాస్టారూ, జాగ సరిపోదు" అన్నానొకసారి. "పెంగ్విన్లు దక్షిణ ధ్రువంలో అండీ. మా ఊళ్ళో దుప్పులు" అన్నాడు. మా ఊళ్ళో! తణుకులో పుట్టి, షార్జాలో సగం గదికి అద్దె కట్టేవాడు.

ఇంతకీ ఈ పిచ్చికి కారణం ఒక పాప. తణుకులో సిస్టర్ వాళ్ళక్క దగ్గర పెరుగుతోంది. ఇడ్లీ గుంటలో పిల్లను పెట్టుకోలేరు. సొంత ఫ్లాటు తీసుకునే తాహతు లేదు. దానికి తోడు ఇద్దరికీ ఏనాడూ ఒకేసారి సెలవు దొరకలేదు. అమ్మ వెళ్ళినప్పుడు నాన్న ఉండడు, నాన్న వెళ్ళినప్పుడు అమ్మ ఉండదు. ముగ్గురూ కలిసి ఒక కప్పు కింద పడుకున్నది పాప ఊయలలో ఉన్నప్పటి సంగతి. ఫోన్‌లో ఈయన ఆ పిల్లకి కూడా నది కథే చెప్పేవాడు. దుంగలు మొదలవ్వగానే పాప ఫోను పెద్దమ్మ చేతిలో పెట్టి పారిపోయేది. తెలివైన పిల్ల.

అన్నీ చెప్పేవాడు గానీ, ఒక్కటి మాత్రం చెప్పేవాడు కాదు. ఊరి పేరు. వీసా చేతికొచ్చేదాకా పేరు నోటి వెంట రాకూడదు. వస్తే దిష్టి. ఇదేదో ఈయనొక్కడి జబ్బు అనుకోకండి. మన తెలుగువాళ్ళలో విమానం ఎక్కి బెల్టు పెట్టుకున్నాక కూడా పక్క సీటువాడికి ఎక్కడికి వెళ్తున్నామో చెప్పనివాళ్ళున్నారు. కానీ ఈయన దాన్ని యోగసాధన స్థాయికి తీసుకెళ్ళాడు. నది లోతు చెప్తాడు, చర్చి గంట బరువు చెప్తాడు, పేరు దగ్గరికి రాగానే పెదవులు అంటించినట్టు మూసుకుంటాడు. "టైపింగ్ సెంటర్లో కూర్చుంటే తెలుస్తాదండీ మీకు. పేరు బయటికెళ్తే పది మంది అప్లై చేస్తారు" అనేవాడు. ఎవరు చేస్తారు మహాప్రభో, కారు ముంచి పందెం కాసే ఊరికి?

(నేనూ ఇక్కడ ఆ పేరు రాయను. రాస్తే అక్కడి నుంచి ఫోన్ చేసి మరీ తిడతాడు.)

మా ఫ్లాటులో ఈ దిష్టి వ్యవహారంలో ఆయనకి సరిజోడు ఒకామె ఉంది. పాలకొల్లు వైపు మనిషి. మా వంటింట్లోనే మెస్ నడుపుతుంది. చుట్టుపక్కల బ్రహ్మచారులందరికీ డబ్బాలు ఆవిడవే. ఆమె నన్ను 'అన్నయ్యగారూ' అంటుంది, నేను 'అక్కా' అంటాను. ఎవరు పెద్దో తేల్చుకునే ధైర్యం ఇద్దరికీ లేదు. ఆమె చెల్లెలు కూడా నర్సే. అప్పటికి ఏడాది కిందట కెనడా వెళ్ళింది. ఎక్కడికి అంటే, "ఏదో మంచూరండీ, నాకు నోరు తిరగదు" అనేది. మూడు పూటలా మూడు రకాల బేరాలు మూడు భాషల్లో ఆడే నోరు అది, ఎందుకు తిరగదు? చెల్లెలి మొగుడి వీసా ఇంకా రాలేదు. అదీ సంగతి.

మాస్టారు నది గీస్తుంటే అక్క పోపు వేస్తూ, "మా చెల్లి వాళ్ళ ఊళ్ళో కూడా ఏదో ఏరుందంటండీ, గడ్డ కట్టేత్తాదంట" అనేది.

"అన్ని ఊళ్ళలోనూ ఏర్లుంటాయండీ. మాది నది" అనేవాడు ఈయన, ఆవాలు చిటపటలాడుతుంటే వాటి మీదుగా.

మూడేళ్ళ నది కథలో చివరి ఏడాదంతా ఇలాగే. ఒకే గట్టు మీద.

చిన్న ఊళ్ళు తమకు కావలసినవాళ్ళని తామే ఏరుకునే పద్ధతి ఒకటుందట. ఊరివాళ్ళే కమిటీగా కూర్చుని వీడియోలో మాట్లాడి సరే అంటే, తతిమ్మా కాగితాలు కదులుతాయి. కాదంటే అంతే. ఈయన ఏజెంటు ఫోన్‌లో చెప్పింది ప్లైవుడ్ పుణ్యమా అని నేనూ విన్నాను. "సార్, వాళ్ళకి ఒకటే భయం. వచ్చినవాళ్ళు మొదటి చలికే టొరంటో చెక్కేస్తారని. ఆ ఊళ్ళో తెలిసినవాళ్ళు ఎవరన్నా ఉంటే చెప్పండి, అదే పెద్ద బలం. ఒక్కళ్ళున్నా చాలు."

"ఎవరూ లేరండీ. ఉంటే ఇంక రహస్యమేముంది?" అన్నాడు ఈ మహామేధావి, గర్వంగా.

ఇంటర్వ్యూ రోజు వచ్చింది. మాకు సాయంత్రం, వాళ్ళకి పొద్దున్న. మా ఫ్లాటులో వైఫై పెట్టె ఫ్రిజ్ మీద ఉంటుంది. కాబట్టి కెనడా రావాలంటే వంటింట్లోకే రావాలి. గట్టు తుడిచి, పంచదార డబ్బా మీద లాప్‌టాప్ నిలబెట్టాడు. తాను కోటు వేశాడు. సిస్టర్ డ్యూటీ నుంచి వచ్చి మొహం కడుక్కుని పక్కన కూర్చుంది. అక్కని బయటికి పొమ్మన్నాడు.

"పొయ్యి మీద పప్పుందయ్యా. డబ్బాలకి టైమవుతోంది" అంది అక్క.

"ఇప్పుడు పేరు పలకాల్సి వస్తాదండీ! దయచేసి!"

అక్క గరిటె చేతబట్టుకునే నడవలోకి వచ్చి, నా పక్కన గోడకి ఆనుకుంది. తలుపు వేశాడు. మా చెక్కల సంగతి చెప్పాను కదా, తలుపులూ అవే. వేసినా తెరిచినా ఒకటే, సందులోంచి అంతా కనిపిస్తుంది.

కమిటీ అంటే ఒక ముసలావిడా, ఆమె పక్కన తల ఊపడానికి మాత్రమే పుట్టినట్టున్న ఒకాయనా. ఆవిడ సిస్టర్‌ని పని గురించి అడిగింది. సిస్టర్ చక్కగా చెప్పింది. తక్కువ మాటలు, సూదిమందులాంటి మాటలు. ఆ తర్వాత ముసలావిడ, "మా ఊరే ఎందుకు?" అంది.

అయిపోయింది. నది పొంగింది. అడవి, ఓడలు, దుంగలు అన్నీ ఇంగ్లీషులో. ఊరి పేరు కూడా మూడేళ్ళ నుంచి లోపల బిగబట్టిందంతా ఒక్కసారి బయటపడ్డట్టు, వాక్యానికొకసారి పలికాడు. నిప్పు ఘట్టం దగ్గర ముసలావిడ మధ్యలో అందుకుని, "కుడి ఒడ్డున అంటుకుందండీ, మా అమ్మమ్మ చెప్పేది" అంది.

"లేదు మేడమ్. ఎడమ ఒడ్డున. మీ అమ్మమ్మగారు పొరబడ్డారు."

లోపల సిస్టర్ ఆయన తొడ గిల్లిన చప్పుడు నడవలోకి వినిపించింది. ఈలోగా నా పక్కన గరిటె గోడకి తగిలి టంగుమంది. చూస్తే అక్క మొహం పాలిపోయి ఉంది.

"అన్నయ్యగారూ," అంది గుసగుసగా, "ఇది మా చెల్లి ఊరు."

"ఏందీ?"

"అదేనండీ. ఆ పేరే. ఆ ఆసుపత్రే. మా చెల్లి అక్కడే చేత్తంది."

నేను ఉలిక్కిపడి, "మరి పోయి చెప్పక్కా! ఒక్కలున్నా సాలన్నడు ఏజెంటు!" అన్నాను.

"ఎలా చెప్పనండీ? చెల్లి ఒట్టేయించుకుంది. మరిది వీసా వచ్చేదాకా నోరెత్తనని. నా నోటితో చెప్పి, రేపు అది కాత్తా ఆగిపోతే?"

అదే సమయానికి లోపల ముసలావిడ మెల్లగా అడుగుతోంది. "మా చలికాలం చాలా పొడుగండీ. మొదటి ఏడాది చాలామంది తట్టుకోలేక వెళ్ళిపోతున్నారు. మీకు ఇక్కడ ఎవరైనా తెలుసా? కష్టమొస్తే తలుపు తట్టడానికి?"

"ఎవ్వరూ తెలియదు మేడమ్!" అన్నాడు మా చరిత్రకారుడు, పతకం అందుకునేవాడిలా ఛాతీ విరిచి. "మేము ఎవ్వరికీ చెప్పలేదు. ఈ ఇంట్లోవాళ్ళకి కూడా మీ ఊరి పేరు తెలియదు."

"ఎవ్వరికీనా?" అంది ఆవిడ. ఆ తర్వాత ఏదో రాసుకుంటున్నట్టు తల వంచింది. ఆ రాత ఎలాంటిదో మా ఫ్లాటులో అందరికీ తెలుసు. వీసా రాని రాత అది.

అప్పుడు సిస్టర్ మాట్లాడింది. "మేడమ్, మాకొక పాప ఉంది. అమ్మానాన్నా ఇద్దరూ ఒకే గదిలో ఉండగా ఆ పిల్ల నిద్ర లేచింది ఊయలలో ఉన్నప్పుడే. దానికి గుర్తు కూడా లేదు. చలి సంగతి నాకు తెలియదు. తట్టుకుంటాను."

అక్క నా వైపు చూసింది. "మరిదిగారికి వత్తే వత్తాది, లేకపోతే లేదు. పోనియ్యండి" అని, తలుపు తోసుకుని, నైటీ మీద తువ్వాలుతో, గరిటెతో లోపలికి నడిచింది. నేను వెనకాలే. తల ఊపే పెద్దమనిషి తల ఊపడం ఆపేశాడు.

"మేడమ్! మై సిస్టర్! యువర్ హాస్పిటల్! నైట్ డ్యూటీ!" అంది అక్క, గరిటెతో లాప్‌టాప్‌ను చూపిస్తూ. అంటూనే తన ఫోన్ తీసి చెల్లికి వీడియో కలిపింది. ఎత్తగానే ఆ ఫోను లాప్‌టాప్ మొహానికి ఎదురుగా పట్టుకుంది. అద్దంలో అద్దం చూపించినట్టు కెనడాకి కెనడాని చూపించింది.

చెల్లెలు అప్పుడే డ్యూటీ దిగి పడుకున్నట్టుంది. జుట్టంతా పిచ్చుకగూడు. ఎదురుగా తన ఊరి పెద్దావిడ కనిపించేసరికి కళ్ళు గుండ్రంగా తిరిగాయి. "ఎవరికి చెప్పావక్కా? ఒట్టేశావు కదా!"

"ఈ కుటుంబం మీకు తెలుసా?" అని అడిగింది ముసలావిడ.

చెల్లెలు దిష్టికి మించిన క్రమశిక్షణతో, "నో మేడమ్. ఐ డోంట్ నో దెమ్" అంది.

నిజమే కదా! ఎలా తెలుస్తారు?

ఇక చూడాలి మా నది గారిని. ఆపద్బాంధవి వచ్చిందని కాళ్ళకు మొక్కాల్సినవాడు కోటు చేతులు పైకి లాక్కుని ఆవిడ మీదికి లేచాడు. "మూడేళ్ళండీ! మూడేళ్ళు మీ చేతి పప్పు తిన్నాను! మీ చెల్లి అక్కడుందని ఒక్కసారైనా చెప్పారా?"

"నువ్వు పేరు చెప్పావేంటయ్యా? నది నది అని నా చెవులు తూట్లు పడేలా వాగావు గానీ, పేరడిగితే దిష్టన్నావు. దిష్టి నీకొక్కడికే రాసిచ్చారా? మాకుండదా?"

"మీరు చెప్తే నేను చెప్పేవాణ్ణి!"

"నువ్వు చెప్తే నేను చెప్పేదాన్ని!"

"అక్కా, ముందా ఫోను తిప్పు, నా జుట్టు చూడు!" అని చెల్లెలు.

"అరే, కెమెరా చాలూ ఉన్నది, జర నోర్లు మూయిండ్రి!" అని నేను. ఆ కమిటీ చరిత్రలో నా పాత్ర అంతే. పొయ్యి మీద పప్పు మాడి పొగ లేచింది. అసలే తగలబడిన ఊరివాళ్ళు, పెద్దమనిషి కంగారుగా కుర్చీ వెనక్కి జరిపాడు.

ఈ గందరగోళంలో సిస్టర్ మెల్లగా లేచి పొయ్యి కట్టేసి, అక్క చేతిలోని ఫోను వైపు వంగింది.

"నైట్ దిగి వచ్చారా సిస్టర్?"

"అవునండీ, ఇప్పుడే."

"ఏ వార్డు?"

"మెడికల్. మీరు?"

"ఐసీయూ."

"అబ్బా, ఇక్కడ ఐసీయూలో మనుషులే లేరండీ. అక్కడా ఇక్కడా నేనే పరిగెట్టాలి. నడుం పడిపోతోంది."

"పాదాలు వాస్తున్నాయా? నిలబడి చేసేటప్పుడు మేజోళ్ళు బిగుతువి వేసుకోండి."

"వేసుకుంటున్నా. మీరు వచ్చేటప్పుడు కొబ్బరినూనె తెచ్చుకోండి, ఇక్కడి చలికి చేతులు పగులుతాయి. పాపకి ఎన్నేళ్ళు?"

ముసలావిడకి తెలుగు ఒక్క ముక్క రాదు. గడ్డం కింద చెయ్యి పెట్టుకుని ఆ రెండు మొహాలనీ అలా చూస్తూ కూర్చుంది. మాస్టారూ అక్కా ఊపిరి పీల్చుకోవడానికి ఆగినప్పుడు, "ఇందాక ఇక్కడ మీకెవరూ తెలియదన్నారు. ఇప్పుడు తెలిసినట్టే ఉన్నారు" అంది. లేస్తూ లేస్తూ, "అయ్యా, నిప్పు మాత్రం కుడి ఒడ్డునే అంటుకుంది" అని కట్ చేసింది.

"ఎడమ!" అన్నాడు ఈయన, నల్లబడ్డ తెరతో.

కొన్ని వారాలకి సరే అని కబురొచ్చింది. కబురొచ్చినట్టు ఆయన చెప్పలేదు. ఏసీ మామూలుగా పెట్టడంతో మాకు తెలిసింది. స్వీట్లు పంచలేదు, దిష్టి. అక్క మరిది వీసా కూడా ఆ మధ్యనే వచ్చింది. అది తన ప్రార్థన వల్లనే వచ్చిందనీ, ఆ నది నోరు జారకుండా ఉంటే ఇంకా ముందే వచ్చేదనీ అక్క వాదన. వీసాలు పడ్డాక ఒక పొద్దున సిస్టర్ అక్కని కావిలించుకుని ఏడ్చింది. ఈయన మాత్రం సూటుకేసు లాక్కుంటూ, "తణుకు వెళ్తున్నామండీ, అంతే" అన్నాడు నాతో. అబద్ధం కాదు. పాపను తీసుకోవడానికి తణుకే వెళ్ళాలి. వీలైనంత తక్కువ నిజం చెప్పడంలో ఆయన్ని మించినవాణ్ణి నేను చూడలేదు.

చలికాలంలో వీడియో కాల్ వచ్చింది. తెర మీద పరుపు ఒకటి నిలబడి ఉంది. జాగ్రత్తగా చూస్తే అది కోటు, పైన ఆయన ముక్కు. వెనక తెల్లగా బల్లపరుపుగా ఏదో ఉంది. "చూడండీ, ఇదే..." అని మొదలుపెట్టాడో లేదో, కుక్కను తిప్పుకుంటూ ఒక ముసలాయన అటు వచ్చాడు. మా వాడి చెయ్యి దానంతటదే వెళ్ళి ఆ ముసలాయన కోటు గుండీ పట్టుకుంది. ఫోను పాప చేతిలో పడింది. ఉన్నిటోపీ కింద ఎర్రబడ్డ బుగ్గలు, వాటి మీద భరించలేని విసుగు.

"అంకుల్, మీరన్నా చెప్పండి నాన్నకి. ఆ తాతగారు ఈ ఊళ్ళోనే పుట్టారంట. ఆయనకి నాన్న ఈ ఊరి గురించి చెప్తున్నాడు. నాకు సిగ్గేస్తంది."

"పోనియ్ బిడ్డా. ఇయ్యాల ఒక్కరోజే గదా."

"ఒక్కరోజేంటి అంకుల్! బస్సు దగ్గర, షాపులో, మా టీచర్‌తో కూడా! అమ్మేమో నవ్వుతాది, ఏం అనదు. రోజూ అంకుల్! రోజూ ఇదే!"

వెనక కుక్క గొలుసు లాగుతోంది. ముసలాయన గుండీ ఇంకా విడిపించుకోలేదు.